రిలీజ్‌కి ముందు పాత మెషీన్ల మీద టెస్టింగ్: ఎమ్యులేటరా, అరువు సర్వరా, అటక మీది కంప్యూటరా?

నేను చూసుకునే చిన్న ఓపెన్ సోర్స్ టూల్ ఒకటుంది. తెలుగు టెక్స్ట్ ఫైల్ ఇస్తే అందులో ఎన్ని పదాలు, ఎన్ని అక్షరాలు ఉన్నాయో లెక్కపెట్టి చెబుతుంది. సీ భాషలో రాసింది. ఒక వెర్షన్ రిలీజ్ చేసిన మూడో రోజున ఒకాయన మెయిల్ పెట్టారు: "మా రాస్ప్‌బెర్రీ పై మీద 'అమ్మ' అనే మాటకి పన్నెండు అక్షరాలు చూపిస్తోందండీ." రాస్ప్‌బెర్రీ పై అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్. నా ల్యాప్‌టాప్ మీద మాత్రం నాలుగే చూపిస్తోంది. అ, మ, పొల్లు, మళ్లీ మ. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్ లెక్కలో నాలుగే రావాలి కూడా.

కారణం దొరకడానికి రెండు రోజులు పట్టింది. యూనికోడ్‌ని ఫైల్లో రాసే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. వాటిలో మొదటి బైటు విలువ 224. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల రకం, నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది) మీద సీ భాషలోని చార్, అంటే ఒక బైటు పట్టే చోటు, సైన్డ్ (మైనస్ విలువలూ పడతాయి) కాబట్టి ఆ 224 కాస్తా మైనస్ 32గా కనబడుతుంది. "బైటు సున్నా కంటే తక్కువైతే ఇది ఇంగ్లిష్ అక్షరం కాదు" అని నా కోడ్‌లో ఒక షరతు ఉంది. రాస్ప్‌బెర్రీ పైలో ఉండేది ఆర్మ్ ప్రాసెసర్. ఆర్మ్ లినక్స్ మీద చార్ అన్‌సైన్డ్, మైనస్ విలువలు ఉండవు. అక్కడ 224 ఎప్పుడూ 224యే. షరతు ఒక్కసారి కూడా నిజం కాలేదు, ప్రతి బైటునీ ఒక అక్షరంగా లెక్కేసుకుంటూ పోయింది. ఒక్క ఆర్మ్ కంటెయినర్‌లో (మన మెషీన్ లోపలే వేరే సిస్టమ్ ఫైళ్లతో విడిగా నడిచే పెట్టె లాంటిది) టెస్టులు నడిపి ఉంటే ఐదు నిమిషాల్లో బయటపడేది.

అప్పట్నుంచి పాత మెషీన్లు, వేరే రకం మెషీన్ల మీద పరీక్ష చేయకుండా రిలీజ్ చేయడం మానేశాను. ఈ పని ఇప్పుడు ఇదివరకటి కంటే ముఖ్యం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్ల మీద లినక్స్ వేసుకుని ఇంకో నాలుగేళ్లు వాడుకోవాలనుకునే వాళ్లు మన స్కూళ్లలో, చిన్న ఆఫీసుల్లో చాలామంది ఉన్నారు. అదే సమయంలో పెద్ద డిస్ట్రోలు (డెబియన్ లాంటి లినక్స్ రకాలు) పాత హార్డ్‌వేర్‌ని ఒక్కొక్కటిగా వదిలేస్తున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32-బిట్ ఎక్స్86కి కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ) లేదు, ఇన్‌స్టాలర్ లేదు. అదే ఏడాది వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 నడవాలంటే ఏవీఎక్స్2 అనే ఇన్‌స్ట్రక్షన్ల గుంపు ఉన్న ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లో అది 2013 నాటి హాస్వెల్‌తో మొదలైంది. ఇన్నాళ్లూ డిస్ట్రోల వాళ్లు మనకి తెలియకుండానే చేసిపెట్టిన పరీక్ష ఇప్పుడు మన నెత్తిన పడింది.

ముందు తేల్చుకోవాల్సినవి

చాలామంది "ఏ పాత మెషీన్ దొరుకుతుంది" అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. ముందు అడగాల్సింది "నా ప్రోగ్రామ్‌లో ఏ రకం బగ్ ఉండే అవకాశం ఉంది" అని. పాత హార్డ్‌వేర్ మీద తగిలే బగ్‌లు అన్నీ ఒక జాతివి కావు.

సైజుల గొడవ మొదటిది. 32-బిట్ లినక్స్ మీద లాంగ్ అంటే నాలుగు బైట్లే. 2 జీబీ దాటిన ఫైళ్లు తెరుచుకోకపోవచ్చు. టైమ్ విలువ 32 బిట్లలో ఉంటే 2038 జనవరి 19న పొంగిపోతుంది.

బైట్ ఆర్డర్ రెండోది. 'క' యూనికోడ్ నంబరు 3093. రెండు బైట్లుగా చూస్తే 12, 21. ఎక్స్86 దాన్ని తిరగేసి 21, 12గా డిస్క్ మీద రాస్తుంది. ఆ ఫైల్‌ని బిగ్-ఎండియన్ (పెద్ద బైటుని ముందు పెట్టే) మెషీన్ ఎడమ నుంచి కుడికి చదివితే 5388 అవుతుంది. ఆ నంబరు కెనడా ఆదివాసీ భాషలు రాసే లిపిలోని అక్షరానిది. ప్రోగ్రామ్ క్రాష్ అవ్వదు, ఎర్రర్ రాదు. మనం రాసుకున్న నిఘంటువు ఇండెక్స్ మాత్రం మనకి తెలియని లిపిలోకి మారిపోతుంది.

అలైన్‌మెంట్ మూడోది. నాలుగు బైట్ల సంఖ్యని నాలుగుతో భాగించబడని అడ్రస్ నుంచి చదివితే ఎక్స్86 ఊరుకుంటుంది. స్పార్క్ అనే సర్వర్ ప్రాసెసర్ అక్కడికక్కడే బస్ ఎర్రర్ ఇచ్చి ప్రోగ్రామ్‌ని చంపేస్తుంది.

నాలుగోది లేని ఇన్‌స్ట్రక్షన్లు వాడటం. ఎస్ఎస్ఈ, ఏవీఎక్స్ అనేవి వేగం కోసం ప్రాసెసర్లలో తర్వాత చేర్చిన ఇన్‌స్ట్రక్షన్ల గుంపులు. పెంటియం 3లో ఎస్ఎస్ఈ2 లేదు. కోర్ 2 డ్యుయోలో ఎస్ఎస్ఈ4.2 లేదు. 2012 నాటి మొదటి రాస్ప్‌బెర్రీ పై ఆర్మ్‌వీ6 కాబట్టి, ఆర్మ్‌వీ7 కోసం కట్టిన డెబియన్ ఆర్మ్‌హెచ్ఎఫ్ (32-బిట్ ఆర్మ్) బైనరీలు దాని మీద "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని ఆగిపోతాయి.

ఇక ఐదోది మెషీన్ బలహీనత: తక్కువ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్, పాత గ్రాఫిక్స్, వేడెక్కే ప్రాసెసర్.

బగ్ రకం తేలాక మిగతా ప్రశ్నలు మూడు. ఆ మార్గం నిజమైన మెషీన్‌కి ఎంత దగ్గర? మనం పక్కన కూర్చోకుండా దానంతట అది నడుస్తుందా? ప్రతి రిలీజ్‌కీ ఎంత టైమ్ తింటుంది? ఆరు మార్గాలనీ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది. ఇందులో క్యూఎమ్యూ అంటే ఎమ్యులేటర్, వేరే రకం మెషీన్‌ని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే ప్రోగ్రామ్.

| మార్గం | బాగా పట్టుకునేవి | తప్పించుకునేవి | ఒంటరిగా నడుస్తుందా | శ్రమ |
|---|---|---|---|---|
| 64-బిట్ మెషీన్ మీద 32-బిట్ కంటెయినర్ | సైజులు, ఫ్లోటింగ్ పాయింట్ తేడాలు | బైట్ ఆర్డర్, ఇన్‌స్ట్రక్షన్లు, హార్డ్‌వేర్ | నడుస్తుంది | చాలా తక్కువ |
| క్యూఎమ్యూ యూజర్ మోడ్ | బైట్ ఆర్డర్, చార్ సైన్, సైజులు | మెమరీ ఆర్డరింగ్, కొన్ని అలైన్‌మెంట్ తప్పులు | నడుస్తుంది | తక్కువ |
| క్యూఎమ్యూ పూర్తి సిస్టమ్ | ఇన్‌స్ట్రక్షన్లు, తక్కువ ర్యామ్, తేదీ | వేగం, గ్రాఫిక్స్, డ్రైవర్లు | కొంత స్క్రిప్టింగ్‌తో | మధ్యస్థం |
| అరువు సర్వర్ | అలైన్‌మెంట్, మెమరీ ఆర్డరింగ్, నిజమైన సీపీయూ | స్క్రీన్, సౌండ్, కెర్నెల్ మార్పులు | కొంతవరకు | తక్కువ, అకౌంట్ వచ్చేదాకా ఆగాలి |
| సొంత పాత మెషీన్ | అన్నీ, ఆ ఒక్క మోడల్ వరకు | ఇంకో మోడల్‌లోని బగ్‌లు | కష్టం | ఎక్కువ |
| వాడేవాళ్ల చేత టెస్టింగ్ | మనం ఊహించనివి | ఎవరూ ముట్టని ఫీచర్లు | మన చేతిలో లేదు | ఓపిక |

32-బిట్ కంటెయినర్

ఇది చేయకపోవడానికి ఎవరికీ సాకు లేదు. డెబియన్ 13లో ఐ386 (32-బిట్ ఎక్స్86) కెర్నెల్ పోయింది గానీ ప్యాకేజీలు ఇంకా ఉన్నాయి. మామూలు ల్యాప్‌టాప్ మీదే పూర్తి వేగంతో నడుస్తాయి. ఒక మెలిక ఉంది: డెబియన్ 13 ఐ386 ప్యాకేజీలకి ఎస్ఎస్ఈ2 తప్పనిసరి. మీ గురి పెంటియం 3 లాంటి వాటి మీద ఉంటే డెబియన్ 12 కంటెయినర్ తీసుకోండి.

ఇంకో మెలిక టైమ్‌ది. డెబియన్ 13లో ఆర్మ్‌హెచ్ఎఫ్ 64-బిట్ టైమ్‌కి మారింది, ఐ386 మాత్రం పాత 32-బిట్ టైమ్‌లోనే ఉండిపోయింది. రెండిట్లోనూ టెస్టులు నడిపితే రెండు ప్రపంచాలూ చూసినట్టే.

ఇది చూపించనిది మెమరీ ఒత్తిడి. 64-బిట్ కెర్నెల్ మీద 32-బిట్ ప్రాసెస్‌కి దాదాపు 4 జీబీ అడ్రస్ స్పేస్ దొరుకుతుంది. అసలైన 32-బిట్ కెర్నెల్ మీద మామూలుగా దొరికేది 3 జీబీ.

కంటెయినర్ కూడా అక్కర్లేని పరీక్ష ఒకటి చెప్పి వదిలేస్తాను. చార్‌ని అన్‌సైన్డ్‌గా తీసుకొమ్మని జీసీసీ కంపైలర్‌కి చెప్పే ఫ్లాగ్ ఉంది. దాంతో ఒకసారి బిల్డ్ చేసి టెస్టులు నడపండి. నా పన్నెండక్షరాల 'అమ్మ' దానితోనే దొరికిపోయి ఉండేది.

క్యూఎమ్యూ యూజర్ మోడ్

నా దృష్టిలో ఖర్చుకి తగ్గ ఫలితం దీంట్లోనే ఎక్కువ. 2003లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఎమ్యులేటర్ ఇది. యూజర్ మోడ్‌లో మొత్తం కంప్యూటర్‌ని కాకుండా ఒక్క ప్రోగ్రామ్‌నే అనువదిస్తుంది, సిస్టమ్ కాల్స్‌ని మీ కెర్నెల్‌కే అందిస్తుంది. ఒకసారి సెట్ చేసుకుంటే వేరే ఆర్కిటెక్చర్ కంటెయినర్ కూడా మామూలు కంటెయినర్‌లాగే తెరుచుకుంటుంది. హోస్టెడ్ సీఐలోనూ (ప్రతి మార్పుకీ టెస్టులు దానంతట అదే నడిపే ఆన్‌లైన్ సర్వీసు) నడుస్తుంది. అక్కడ ఊరికే దొరికే మెషీన్లు ఎక్కువగా 64-బిట్ ఎక్స్86, 64-బిట్ ఆర్మ్ మాత్రమే కాబట్టి మిగతా వాటికి ఇదే దారి.

ఏ ఆర్కిటెక్చర్ ఎంచుకోవాలి? పాతవంటే మోజుతో కొందరు నేరుగా 32-బిట్ పవర్‌పీసీకి (పాత యాపిల్ మ్యాక్‌లలోని ప్రాసెసర్) వెళ్తారు. నేను వద్దంటాను. అక్కడ బైట్ ఆర్డరూ మారుతుంది, పాయింటర్ సైజూ మారుతుంది. టెస్టు ఫెయిలైతే దేనివల్లో తెలియక జుట్టు పీక్కోవాలి. ఎస్390ఎక్స్ తీసుకోండి. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లది. బిగ్-ఎండియనే గానీ 64-బిట్. సైజుల సంగతి ఐ386లో ముందే తేలిపోయి ఉంటుంది కాబట్టి ఇక్కడ తేడా వస్తే అది దాదాపుగా బైట్ ఆర్డర్‌దే. చార్ కూడా ఇక్కడ అన్‌సైన్డే, ఆ ఒక్కటీ ముందే ఫ్లాగ్‌తో తేల్చుకుని రండి. డెబియన్ అధికారికంగా సపోర్ట్ చేస్తోంది కాబట్టి ప్యాకేజీల కోసం వెతుక్కోనక్కర్లేదు.

దీని లోపాలు కూడా తెలిసే వాడాలి. పది రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ నెమ్మదిగా నడుస్తుంది. టైమ్‌అవుట్ పెట్టుకున్న టెస్టులు ఊరికే ఫెయిలవుతాయి. లోపల డీబగ్గర్ జీడీబీ మామూలుగా పనిచేయదు. 64-బిట్ మెషీన్ మీద 32-బిట్ ఆర్మ్ కంటెయినర్ నడిపితే డైరెక్టరీ చదివే ప్రోగ్రామ్‌లు కొన్ని ఫైల్‌సిస్టమ్‌ల మీద ఓవర్‌ఫ్లో ఎర్రర్ ఇస్తాయి. తప్పు మీ కోడ్‌ది కాదు.

అన్నిటికంటే ప్రమాదం మెమరీ ఆర్డరింగ్. మెమరీలోకి రాసిన వాటి వరసని ఎక్స్86 గట్టిగా పాటిస్తుంది, ఆర్మ్, ఐబీఎం పవర్ అంత గట్టిగా పాటించవు. ఆర్మ్ ప్రోగ్రామ్‌ని ఎక్స్86 మీద ఎమ్యులేట్ చేస్తే కింద ఉన్న ప్రాసెసర్ క్రమశిక్షణ మీ థ్రెడ్ల (ఒకే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనుల) తప్పుని కప్పేస్తుంది. లాక్ మర్చిపోయిన చోటు వందసార్లు నడిపినా బయటపడదు. మీ ప్రోగ్రామ్‌లో థ్రెడ్లు ఉంటే ఇక్కడ అన్నీ పాసయ్యాయని నిశ్చింతగా ఉండొద్దు.

క్యూఎమ్యూ పూర్తి సిస్టమ్

మొత్తం కంప్యూటర్‌ని నకలు చేసే పద్ధతి. "256 ఎంబీ ర్యామ్, పెంటియం 3 ప్రాసెసర్" అని చెప్పి బూట్ చేయొచ్చు. తేదీ కూడా మనం చెప్పిందే. 2038 జనవరి 19న గ్రీనిచ్ టైమ్ తెల్లవారుజామున 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లకి, అంటే మనకి ఉదయం 8:44 దాటి 7 సెకన్లకి, 32-బిట్ టైమ్ నిండిపోతుంది. గడియారాన్ని దానికి రెండు నిమిషాల ముందు పెట్టి, ప్రోగ్రామ్ తెరిచి చూస్తూ కూర్చోండి. 1901కి వెనక్కి వెళ్లిన తేదీని స్క్రీన్ మీద కళ్లారా చూస్తే ఆ బగ్ ఎంత నిజమో అర్థమవుతుంది.

చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. వేగం కోసం కేవీఎం (అనువాదం లేకుండా అసలు ప్రాసెసర్ మీదే నడిపే పద్ధతి) ఆన్ చేసి, ప్రాసెసర్ మోడల్‌గా కోర్ 2 డ్యుయో అని పెడతారు. అప్పుడు "నా దగ్గర ఎస్ఎస్ఈ4.2 లేదు" అని ఆ వర్చువల్ సీపీయూ చెబుతుంది, అంతే. ప్రోగ్రామ్ అడగకుండా నేరుగా ఆ ఇన్‌స్ట్రక్షన్ వాడితే కింద ఉన్న కొత్త ప్రాసెసర్ దాన్ని చక్కగా నడిపేస్తుంది. పొరపాటున నేటివ్ ఆప్షన్‌తో (బిల్డ్ చేసే మెషీన్‌లోని ఇన్‌స్ట్రక్షన్లన్నీ వాడుకోమనేది) బిల్డ్ చేసిన బైనరీ ఈ పరీక్షలో హాయిగా పాసైపోతుంది, వాడేవాళ్ల దగ్గర చచ్చిపోతుంది. ఈ పరీక్షకి కేవీఎం ఆపేయండి. టీసీజీ అనే సాఫ్ట్‌వేర్ అనువాదంతో నడిపితే నెమ్మదిగా ఉంటుంది గానీ, లేని ఇన్‌స్ట్రక్షన్ లేనట్టే ప్రవర్తిస్తుంది.

స్క్రిప్టులతో దీన్ని ఎంత దూరం తీసుకెళ్లొచ్చో చూడాలంటే నెట్‌బీఎస్‌డీ (లినక్స్ లాంటి ఇంకో ఓపెన్ సోర్స్ ఓఎస్) వాళ్ల అనీటా టూల్ చూడండి. ఎమ్యులేటర్‌లో ఓఎస్ ఇన్‌స్టాల్ చేసి, టెస్టులు నడిపి, ఫలితం చెబుతుంది.

అరువు సర్వర్

జీసీసీ కంపైల్ ఫార్మ్ అని ఒకటుంది. పేరు జీసీసీది అయినా ఏ ఫ్రీ సాఫ్ట్‌వేర్ డెవలపరైనా ఉచితంగా అకౌంట్ అడగొచ్చు. స్పార్క్, పవర్, మిప్స్, ఆర్మ్, రిస్క్-ఫైవ్ మెషీన్ల మీదకి ఇంటర్నెట్ ద్వారా ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లొచ్చు. డెబియన్ డెవలపర్లకి వాళ్ల సొంత పోర్టర్ మెషీన్లు వేరే ఉన్నాయి.

అలైన్‌మెంట్ తప్పులకి, థ్రెడ్ల తప్పులకి ఇంతకంటే మంచి చోటు లేదు. ఎమ్యులేటర్ కప్పిపుచ్చేవన్నీ ఇక్కడ బయటపడతాయి. రూట్ అధికారం ఉండదు, స్క్రీన్ ఉండదు. నలుగురూ పంచుకునే మెషీన్ కాబట్టి వేగం కొలతలు నమ్మలేం. అకౌంట్ రావడానికి టైమ్ పట్టొచ్చు, రిలీజ్ రేపనగా దరఖాస్తు పెట్టకండి. ఇవాళే పెట్టేయండి.

సొంత పాత మెషీన్

ఓపెన్‌బీఎస్‌డీ అనే ఓఎస్ వాళ్లు నిజమైన మెషీన్ మీద, అదే మెషీన్‌లో బిల్డ్ అవ్వని ప్లాట్‌ఫామ్‌ని ఉంచుకోరు. వింత ప్రాసెసర్ల మీద రోజూ బిల్డ్ చేస్తే మిగతా చోట్ల దాక్కున్న బగ్‌లు దొరుకుతాయని వాళ్ల నమ్మకం. నెట్‌బీఎస్‌డీ క్రాస్ బిల్డ్‌తో (ఒక మెషీన్ మీద ఇంకో రకం మెషీన్ కోసం బిల్డ్ చేయడం), ఎమ్యులేటర్లతో చాలా దూరం వెళ్లింది. రెండు దారుల్లోనూ మంచి సాఫ్ట్‌వేర్ వచ్చింది. మన చిన్న ప్రాజెక్టులకి రెండోదే సరిపోతుంది, ఒక్క సందర్భంలో తప్ప: మీ ప్రోగ్రామ్‌కి స్క్రీన్ ఉంటే.

పాత గ్రాఫిక్స్‌ని ఎమ్యులేటర్ నమ్మకంగా చూపించదు. లినక్స్ గ్రాఫిక్స్‌కి ఆధారమైన మీసా 2022లో వచ్చిన 22.0 వెర్షన్‌తో పాత డ్రైవర్లు చాలావాటిని ఆంబర్ అనే వేరే శాఖలోకి పంపేసింది. మీ విండో ఆ మెషీన్ మీద గీసుకుంటుందా లేదా అన్నది అక్కడే చూడాలి.

కొనాల్సి వస్తే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టూ తిరిగితే పాత డెస్క్‌టాప్ దొరకడం కష్టం కాదు. మీ బంధువుల ఆఫీసులో అటక మీద ఉన్నదైతే ఇంకా మంచిది. నా సలహా ఇంటెల్ ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ ఉన్న కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. ఎస్ఎస్‌డీ వేసి బాగుచేయకండి, నెమ్మదిగా ఉండటమే దాని ఉపయోగం. డిస్క్ మీదకి ఖచ్చితంగా చేరేదాకా ఆగే సేవ్ బటన్ ఎంతసేపు బిగుసుకుపోతుందో దాని మీదే తెలుస్తుంది. సేవ్ మధ్యలో ప్లగ్ పీకి, మళ్లీ ఆన్ చేసి ఫైల్ బతికుందో లేదో చూడండి. కరెంటు పోయే ఊళ్లలో వాడేవాళ్లకి ఇది రోజూ జరిగేదే.

తెచ్చిన రోజే సీమాస్ బ్యాటరీ మార్చండి, గడియారాన్ని నడిపే ఆ గుండ్రటి సీఆర్2032. నేను మార్చలేదు. గడియారం ఏళ్ల వెనక్కి పోయింది, సర్టిఫికెట్ ఇంకా మొదలవ్వలేదంటూ గిట్ కోడ్ దించుకోనంది. ఒక సాయంత్రమంతా నెట్‌వర్క్ కేబుల్‌ని అనుమానిస్తూ గడిపాను. ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ కూడా మార్చాలి. లేకపోతే మెషీన్ వేడెక్కి ఆగిపోతుంటే మీ ప్రోగ్రామ్‌లో బగ్ అనుకుంటారు.

వాడేవాళ్ల చేత

రిలీజ్ క్యాండిడేట్ (అసలు రిలీజ్‌కి ముందు పరీక్ష కోసం ఇచ్చే వెర్షన్) పెట్టి "టెస్ట్ చేయండి" అంటే ఎవరూ చేయరు. "ఈ మూడు కమాండ్లు నడిపి, వచ్చింది యథాతథంగా పంపండి" అంటే చేస్తారు. ప్రాసెసర్ పేరు, కెర్నెల్ వెర్షన్ తనంతట తానే రాసుకునే చిన్న స్క్రిప్ట్ జతచేయండి.

ఎవరికి ఏది

ఒక్క ల్యాప్‌టాప్‌తో చిన్న సీ లైబ్రరీ చూసుకునే స్టూడెంట్ అయితే ఐ386 కంటెయినర్, దాని తర్వాత ఎస్390ఎక్స్ యూజర్ మోడ్. ఒక ఆదివారం పని. ఇంకేమీ కొనొద్దు.

థ్రెడ్లు, నెట్‌వర్క్ ప్యాకెట్లు, బైనరీ ఫైళ్లు చూసే ప్రాజెక్ట్ అయితే పై రెండిటికీ కంపైల్ ఫార్మ్ కలపండి. ముఖ్యంగా స్పార్క్.

స్కూళ్ల కోసం, పంచాయతీ ఆఫీసుల కోసం స్క్రీన్ ఉన్న అప్లికేషన్ చేసేవాళ్లకి బైట్ ఆర్డర్ బెంగ అక్కర్లేదు. వాళ్ల యూజర్ల దగ్గర మెయిన్‌ఫ్రేమ్ ఉండదు. ఆ టైమంతా ఒక్క కోర్ 2 డ్యుయో మీద పెట్టడం మేలు.

ఇమేజ్, ఆడియో లాంటి వాటిలో వేగం కోసం ఎస్ఎస్ఈ, ఏవీఎక్స్ కోడ్ రాసేవాళ్లకి కేవీఎం లేని పూర్తి సిస్టమ్ క్యూఎమ్యూ తప్పదు.

రస్ట్ భాష వాడేవాళ్లు టెస్టుల కంటే ముందు కంపైలర్ సంగతి చూసుకోవాలి. 2021 ఫిబ్రవరిలో పైథాన్ క్రిప్టోగ్రఫీ ప్యాకేజీ 3.4 వెర్షన్ బిల్డ్‌కి రస్ట్ తప్పనిసరి చేసినప్పుడు, రస్ట్ లేని పాత ఆర్కిటెక్చర్ల వాళ్లు ఒక్క రోజులో బయట నిలబడిపోయారు. 32-బిట్ ఎక్స్86 కోసం రస్ట్ మామూలుగా వాడే ఐ686 టార్గెట్ కూడా ఎస్ఎస్ఈ2 ఉందనే అనుకుంటుంది. అంతకంటే పాతదానికి ఐ586 టార్గెట్ వేరే ఉంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఐ386, ఆర్మ్‌హెచ్ఎఫ్ కంటెయినర్లు రెండూ ప్రతి మార్పుకీ సీఐలో నడవాలి. ఎస్390ఎక్స్ నెమ్మది కాబట్టి నేను రాత్రికి ఒకసారే నడుపుతాను. అరువు సర్వర్, పాత మెషీన్ వంతు రిలీజ్ క్యాండిడేట్ రోజున. క్యాండిడేట్‌కీ అసలు రిలీజ్‌కీ మధ్య కనీసం రెండు వారాలు ఉంచుతాను, ఎందుకంటే పాత మెషీన్లు ఉన్నవాళ్లు దాని ముందు కూర్చునేది శని, ఆదివారాల్లోనే.

రిలీజ్ నోట్స్‌లో ప్లాట్‌ఫామ్‌లని మూడు వరసల్లో రాస్తాను: నిజమైన మెషీన్ మీద నడిపినవి, ఎమ్యులేటర్‌లో మాత్రమే నడిపినవి, బిల్డ్ అయ్యిందని మాత్రమే చూసినవి. మొన్నటి రిలీజ్‌లో రాస్ప్‌బెర్రీ పై మొదటి వరసలో ఉంది. ఆ మెయిల్ పెట్టినాయనే ఇప్పుడు ప్రతి క్యాండిడేట్‌నీ తన దగ్గర నడిపి ఫలితం పంపుతున్నారు.